షుగర్ తగ్గిన మనిషి

ఈ సంగతి రాసిపెట్టాలని ఉద్యోగంలో ఉన్నప్పుడు నాకు తోచలేదు. రిటైరయ్యాక బస్సులో, పెళ్లి పందిట్లో, రేషను దుకాణం ముందు వరసలో ఒక మాట మాటిమాటికీ చెవిన పడుతోంది. "నాకు షుగర్ దానంతట అదే తగ్గింది." చెప్పేవాళ్ల ముఖంలో సంతోషం ఉంటుంది, వినేవాళ్ల ముఖంలో కొంచెం అసూయ. నాకు మాత్రం లోపల కలుక్కుమంటుంది. తగ్గడం చెడ్డదని కాదు. తిండి మార్చుకున్నవాళ్లకు, నడిచేవాళ్లకు, సరైన మందు పడ్డవాళ్లకు తగ్గుతుంది, తగ్గాలి కూడా. ఏ కారణమూ లేకుండా తగ్గితే మాత్రం ఎందుకు తగ్గిందని ఎవరో ఒకరు అడగాలి. మా దవాఖానలో ఒక మనిషి విషయంలో ఆ ప్రశ్న చాలాకాలం ఎవరూ అడగలేదు. ఇప్పుడు సబ్‌సెంటర్లలో చేరుతున్న చెల్లెళ్లు నాకంటే పెద్ద చదువులు చదివి వస్తున్నారు. వాళ్ల పుస్తకాల్లో ఈ విషయం ఒక వాక్యంగా ఉంటుంది. ఆ వాక్యం వెనకాల మనిషి ఎలా ఉంటాడో చెప్పడానికి ఇది రాస్తున్నాను.

నేను ఏఎన్‌ఎంని. మహబూబాబాద్ వైపు తండాల్లో ఉద్యోగం మొదలుపెట్టాను. ఎక్కువ కాలం జనగామ జిల్లాలో చేసి, చివరికి భూపాలపల్లి జిల్లా చిట్యాల వైపు రిటైరయ్యాను. ట్రైనింగు తప్ప నాకు కాలేజీ చదువు లేదు. నా చదువంతా జనగామ గ్రంథాలయంలో జరిగింది. మీటింగు కోసం జనగామ వెళ్లినప్పుడల్లా తోటివాళ్లు చీరల దుకాణాల వైపు మళ్లితే నేను గ్రంథాలయం వైపు మళ్లేదాన్ని. శరీర శాస్త్రం పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని, అర్థమయ్యేదాకా ఒకే పేజీని చదివిన రోజులున్నాయి. దవాఖానలో నన్ను "లైబ్రరీ సిస్టర్" అని ఆటపట్టించేవాళ్లు. బయటికి విసుక్కునేదాన్ని గానీ ఆ పేరంటే నాకు ఇష్టమే.

మా పరిధిలో, బచ్చన్నపేటకు ఎంతో దూరం లేని ఒక ఊళ్లో, తాళ్లెక్కే గౌడన్న ఒకాయన ఉండేవాడు. అరవైకి దగ్గరపడ్డా పొద్దునా సాయంత్రమూ తాటిచెట్లు ఎక్కి కల్లు గీసేవాడు. తననూ చెట్టునూ చుట్టే మోకు తాడు బిగించి, నడుముకు కత్తులు కట్టుకుని, మనం ఇంటి మెట్లెక్కినంత సులువుగా పైకి పోయేవాడు. నన్ను చెల్లె అని పిలిచేవాడు. నేను అన్నా అనేదాన్ని. ఆ లెక్కన ఆయన భార్య నాకు వదినె, ఆమెకు నేనూ వదినెనే.

ఆయనకు షుగర్ బయటపడి చాలా ఏళ్లయింది. గోలీలు అంత నిష్ఠగా వేసుకున్న మనిషిని నా సర్వీసులో చూడలేదు. పండుగ వచ్చినా, చావు వచ్చినా గోలి తప్పేది కాదు. అయినా ఏళ్ల తరబడి షుగర్ దిగలేదు. మా దగ్గర వేలు గుచ్చి చూసిన ప్రతిసారీ ఎక్కువే. మీటరు వైపు చూసి, ఎవరో తిట్టినట్టు తల వంచుకునేవాడు.

ఒక ఎండాకాలం తర్వాత అంకె దిగడం మొదలైంది. మరుసటి నెల ఇంకా దిగింది. తర్వాత అది మామూలు మనిషి అంకె అయింది. మా ల్యాబ్ టెక్నీషియన్ మీటరును రెండుసార్లు చూసి నవ్వాడు.

"ఏం మాయ జేసినవే అన్నా? మాకు గూడ జెప్పరాదు."

"మాయ ఏంది? పరగడుపున చెట్టు మీద మొదటి కల్లు తాగుతున్న. నోట్లె పుల్ల గూడ పెట్టకముందు. గంతే."

ఆయన ఆ మాట నిజంగా నమ్మాడు. గౌడుల దేవుడు కాటమయ్య తనమీద దయ చూపాడని బోనం కూడా చేశాడు. ఊరు కూడా నమ్మింది. చీకటి విడవకముందే షుగర్ ఉన్న మగవాళ్లు ఆయన చెట్ల కింద చేరి, తాటాకు డొప్పలు పట్టుకుని నిలబడేవాళ్లు. టీకాలకు వెళ్లిన ఒక పొద్దున ఆ గుంపును నా కళ్లతో చూశాను. వదినె వాకిట్లోంచి అరిచింది.

"సూడు వదినె, నా మొగన్ని అందరు గలిసి డాక్టరును జేసిన్రు. ఇంట్ల కూరకు ఉప్పు లేదన్నా ఇనడు, గాళ్లకు మాత్రం కల్లు పొయ్యాలె."

"దవాఖానల నువ్విచ్చే గోలీలు చేదుంటయ్ చెల్లె, నా మందు జూడు ఎంత తియ్యగుంటదో," అని ఆయన పైనుంచి జవాబిచ్చాడు. కింద నిలబడ్డవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆ కల్లులో ఉండే చక్కెర గురించి పది మాటలు చెప్పాను. "లైబ్రరీ ముచ్చట్లు" అన్నారు.

అప్పటి మా డాక్టరు గారు రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్న మంచి మనిషి. మధుమేహ దినం నాడు దవాఖాన వరండాలో కుర్చీలు వేయించి, షుగర్ బాగా అదుపులో ఉన్న రోగిగా గౌడన్నకు శాలువా కప్పాడు. మాట్లాడమంటే ఆయన శాలువా సర్దుకుని లేచాడు.

"నేను జెప్పేది ఒక్కటే. గోలి మరువద్దు. కల్లు మరువద్దు."

డాక్టరు గారితో సహా వరండా అంతా నవ్వింది.

ఇక్కడ మా పని తీరు కొంచెం చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. షుగర్ మా దగ్గరే వేలు గుచ్చి చూస్తాం. కిడ్నీ ఎలా పనిచేస్తోందో తెలియాలంటే మాత్రం రక్తం తీసి జిల్లా ల్యాబుకు పంపాలి. బైకు మీద మనిషి వచ్చి ట్యూబులు పట్టుకెళ్లేవాడు. ట్యూబులు అందరికీ సరిపోయేవి కావు. అందుకని మాలో ఒక అలవాటు పాతుకుపోయింది. షుగర్ ఎక్కువున్నవాళ్ల రక్తం ముందు పోవాలి. బాగున్నవాళ్లది ఎప్పుడైనా పోవచ్చు. ఇలా చేయమని ఏ అధికారీ చెప్పలేదు, ఎవరూ ఎక్కడా రాయలేదు. ఆకలిగా ఉన్నవాడికి ముందు వడ్డించినట్టు, అది న్యాయంగానే కనిపించింది. టెక్నీషియన్ బద్ధకస్తుడేమీ కాదు. భోజనం మధ్యలో రోగి వస్తే చెయ్యి కడుక్కుని లేచే మనిషి. కానీ ఆ అలవాటు వల్ల, ఎవరి కిడ్నీలు చెడిపోతున్నాయో ఆ గౌడన్నే మా వరసలో అందరికంటే వెనక్కి పోయాడు. షుగర్ ఎంత దిగితే ఆయన రక్తం అంత వెనక్కి జరిగింది.

ఆనవాళ్లు లేకపోలేదు. ఆయన ముఖం నిండింది. కల్లు తాగడానికి వచ్చిన బావమరుదులు "ఒళ్లు జేసినవ్ బావా, పెండ్లికొడుకు లెక్కున్నవ్" అనేవాళ్లు. అది ఒళ్లు కాదు, నీరు. పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బి, మధ్యాహ్నానికి కాళ్లకు దిగేది. ఊళ్లో బక్కచిక్కినవాడు రోగి, నిండుగా ఉన్నవాడు ఆరోగ్యవంతుడు. వదినె ఒక్కతే అప్పుడప్పుడు గొణిగేది.

"సగం బువ్వ ఇడిసిపెడ్తుండు వదినె. కల్లు గూడ ఇనుము లెక్క తగుల్తుందంటడు. ఒళ్లంత గోకుకుంటడు."

వయసైపోతోంది కదా వదినె అని నేనూ ఆశా కార్యకర్తా అనేవాళ్లం.

మంచి డాక్టరు గారు రిటైరయ్యారు. ఆయన స్థానంలో చదువు పూర్తయి ఎంతో కాలం కాని ఒక అమ్మాయి వచ్చింది. మాటకు ముందు "ఏమనుకోకండి" అనే అలవాటున్న నెమ్మదస్తురాలు. ఆమె చేరిన కొద్ది రోజులకే ఆ పొద్దు వచ్చింది.

ఎండ ఎక్కుతుండగా ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. "సిస్టర్, గౌడన్న చెట్టు మీద ఉలుకుపలుకు లేకుంట ఉన్నడు. మోకు ఉన్నది గాబట్టి పడలే. జల్ది రాండ్రి." నేను పక్క ఊళ్లోనే ఉన్నాను. వెళ్లేసరికి చెట్టు కింద ఊరు ఊరంతా ఉంది. పైన ఆయన మోకులోకి వాలిపోయి, ఒక చెయ్యి కమ్మ మీద, తల గుండె మీదికి వంచి ఉన్నాడు. వదినె చెట్టును రెండు చేతులా పట్టుకుని నిలబడింది, వదిలితే ఒరిగిపోతుందన్నట్టు.

ఆయన తమ్ముడి వరస తాళ్లెక్కే ఒకతను అప్పటికే పైకి పోతున్నాడు. చేరాక కిందికి అరిచాడు.

"చెమటలు గార్తున్నయ్! కండ్లు తెరుస్తుండు, మూస్తుండు! తాడుగట్టి దించాల్నా?"

"పిలిస్తే పలుకుతుండా?" అని అరిచాను.

"ఊ అంటుండు!"

"వట్టి చక్కెర బుగ్గల పెట్టి రుద్దు! నీళ్లు పొయ్యకు, కల్లు పొయ్యకు!"

"చక్కెర ఏడుంది సిస్టర్ ఇక్కడ?"

వదినె పరుగెత్తి ఇంట్లోంచి చక్కెర డబ్బా తెచ్చింది. దాన్ని తువ్వాలలో మూటగట్టి, అతను వదిలిన తాడుకు కట్టి పైకి లాగించాం. కింద ఎవరో గొణిగాడు. "షుగరున్నోనికి చక్కెర పెట్టుమంటుంది, సంపుతదా ఏంది?" పైన తమ్ముడు వేలితో చక్కెర అద్ది బుగ్గ లోపల రాస్తున్నాడు, మళ్లీ రాస్తున్నాడు. కొంతసేపటికి గౌడన్న తల ఎత్తాడు. చుట్టూ చూశాడు. ఇంకా కొంతసేపు ఆగి, తమ్ముడు కింద నుంచి పాదాలు పట్టి నిలుపుతుండగా, తన మోకు తానే జరుపుకుంటూ దిగాడు. నేల మీద కాలు పెట్టగానే అన్న మొదటి మాట, "గెల కొయ్యలే ఇంక."

దవాఖానకు తీసుకెళ్లేటప్పటికి అంత చక్కెర తిన్నా మీటరులో అంకె బాగా తక్కువే. డాక్టరమ్మ గ్లూకోజ్ పెట్టించి సాయంత్రం దాకా కదలనివ్వలేదు. మంచం పక్కన నిలబడి టెక్నీషియన్‌ను అడిగింది. "ఏమనుకోకండి. ఈయనకు షుగర్ ఎప్పటినుంచి తగ్గుతోంది? ఎందుకు తగ్గింది? కిడ్నీకి చేసే క్రియాటినిన్ పరీక్షకు రక్తం చివరిసారి ఎప్పుడు పంపారు?"

అతను మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాడు. మిగతా రెండింటికీ రిజిస్టరు తెచ్చి పేజీలు తిప్పాడు. ఆమె కోప్పడలేదు. తానే సూది అందుకుని రక్తం తీసింది.

రిపోర్టు వచ్చింది. ఆమె అనుమానించినట్టే కిడ్నీలు చెడిపోయాయి. అది పట్టుకుని నేను జనగామ వెళ్లాను. గ్రంథాలయంలో వైద్యం పుస్తకాలున్న అల్మారా ముందు కూర్చుని మధ్యాహ్నమంతా చదివాను. చెడుతున్న కిడ్నీ షుగర్ గోలిని బయటికి పంపలేదు. ఒంట్లో పుట్టే ఇన్సులిన్ కూడా తొందరగా కరిగిపోదు. ఆకలి తగ్గుతుంది. అన్నీ కలిసి షుగర్‌ను దించుతాయి. రోగం ముదురుతుంటే అంకె అందంగా కనిపిస్తుంది. దాని కింద ఇంకో సంగతి ఉంది. షుగర్ మనిషికి కిడ్నీ బలహీనపడితే గుండె కూడా దెబ్బతింటుందట. చాలామంది డయాలసిస్ దాకా కూడా రాకుండానే గుండెతో పోతారట. పుస్తకం మూసినప్పుడు నాకు ఎప్పుడూ వచ్చే తృప్తి రాలేదు.

ఆయనకు చెప్పాల్సిన రోజు డాక్టరమ్మ నన్ను కూడా కూర్చోమంది. శాలువా కప్పిన వరండాలోనే బల్ల వేసుకుని కూర్చున్నాం. ఆమె నెమ్మదిగా చెప్పింది. కిడ్నీలు చాలావరకు చెడిపోయాయి, వరంగల్‌లో కిడ్నీ డాక్టరుకు చూపించాలి, మునుముందు డయాలసిస్ అవసరం పడొచ్చు, ఈ గోలి ఇవాళ్టి నుంచి బంద్, చెట్టెక్కడం కూడా బంద్.

ఆయన నవ్వాడు. "అమ్మా, నువ్వు కొత్తగొచ్చినవ్. నా షుగర్ తగ్గింది. గిదే జాగల నాకు శాలువ గప్పిన్రు, అడుగు."

ఆమె మళ్లీ మొదలుపెట్టింది. కిడ్నీ వడపోత, మందు నిలవ. ఆయనకు ఎక్కలేదు. వదినెకు ఎక్కింది.

"అంటే, కడగని లొట్టిల కొత్త కల్లు పట్టినట్టా బిడ్డా? నిన్నటి మడ్డి అట్లనే ఉండంగ, ఇయ్యాల్టిది దాని మీద బడుతుంది. గందుకే తలకెక్కింది."

డాక్టరమ్మ ఆమె వైపు చూసి, "అవును అవ్వా, సరిగ్గా అదే," అంది.

ఆయన నవ్వు ఆగిపోయింది. కల్లు గీసేవాడికి కడగని లొట్టి, కడగని కల్లు కుండ, అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. తన అరచేతుల్లోని కాయలు చూసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"చెల్లె, తాడిచెట్టును జూస్తే అది ఇంకెన్ని దినాలు పారుతదో నేను జెప్త. గెల పట్టి జూస్తె ఎరుకైతది. నువ్వు పుస్తకాలు సదివిన దానివి. నన్ను జూసి జెప్పు. ఎన్ని దినాలు?"

నాకు తెలుసు, చదివాను, చెప్పగలను అనుకున్నాను. నోరు తెరిస్తే వచ్చింది ఇంతే.

"పుస్తకం మస్తు మందిని జూసి రాస్తరన్నా. అందర్ల ఎందరు బతికిన్రు, ఎందరు పోయిన్రు, గంతే ఉంటది. ఒక్క మనిషిని జూసి చెప్పదు."

"మరి నన్నొక్కన్ని జూసి చెప్పేటోళ్లు ఎవ్వలే?"

ఎవరూ లేరని ఎలా చెప్పను? "వరంగల్ పోదామన్నా. గాడ జూస్తరు," అన్నాను. అది జవాబు కాదని ఆయనకూ తెలుసు. అయినా నా మాట దక్కనిచ్చాడు. "సరె. నువ్వొస్తనంటే పోత," అన్నాడు.

వెళ్లాం. మందులు మారాయి. కొంతకాలం నెట్టుకొచ్చాడు. తర్వాత జనగామలో డయాలసిస్ మొదలైంది. మిషను నుంచి వచ్చిన రోజు మనిషి పిండిన బట్టలా ఉండేవాడు. మరునాడు మాత్రం కుర్చీ వేయించుకుని తన చెట్ల కింద కూర్చుని, ఇంకొకడు ఎక్కుతుంటే కింది నుంచి తప్పులు పట్టేవాడు. "గట్ల గాదురా, గెలను ఏడిపియ్యకు!" పొద్దుటి కల్లు కోసం వచ్చిన షుగర్ మనుషులను తానే తరిమాడు. "పోండ్రి, దవాఖానకు పోండ్రి. నా మాట పట్టుకొని నేనే మోసపోయిన." వాళ్లు పోలేదు. ఇంకో చెట్టు కిందికి వెళ్లారు.

ఒక ఉదయం, మిషను లేని రోజు, ముఖం కడుక్కుని వచ్చి మంచం మీద కూర్చుని, వదినెను టీ పెట్టమని చెప్పి, ఆమె తెచ్చేలోగా పోయాడు. గుండె.

ఊరు తన తీర్పు చెప్పేసింది. మంచిగున్న మనిషి. షుగర్ కూడా తగ్గింది. దవాఖానోళ్లు గోలి బంద్ చేసి, మిషను మీద పెట్టి, రక్తం తోడి చంపారు. మా ముఖం మీదే అన్నారు. ఆ తర్వాత షుగర్ చూపించుకోవడానికి ఆ ఊరి నుంచి మనుషులు రావడం మానేశారు. నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. తలుపు దగ్గర నిలబడి విని, సరే సరే అని లోపలికి పోయేవాళ్లు. అలసిపోయాను. అంత అలసట నాకు కాన్పులు చేసిన రాత్రుల్లో కూడా కలగలేదు. ఆయన ఒక్కడితో అయిపోయే పని కాదది. ఆ చెట్ల కింద డొప్పలు పట్టుకుని నిలబడ్డవాళ్లలో ఇంకెందరి షుగర్ అలా అందంగా దిగుతోందో మాకు తెలియదు. తెలుసుకోవాలంటే వాళ్లు రావాలి.

దినాలయ్యాక టెక్నీషియన్ ఒక్కడే వదినె ఇంటికి వెళ్లాడు. ఏం చెప్పాడో తర్వాత నాతో అన్నాడు. "ఎక్కువున్నోళ్లయి ముందు పంపెటోళ్లం, గౌడన్న రక్తం ఎనకకు పడ్డదని చెప్పిన. తిడుతదనుకున్న. చాయ్ పోసింది."

కొన్ని వారాల తర్వాత, షుగర్ చూసే రోజున, వరండా ఖాళీగా ఉంది. డాక్టరమ్మ, నేను, అతను ఎవరి మూల వాళ్లం కూర్చున్నాం. గేటు దగ్గర సందడి. వదినె ముందు నడుస్తోంది. ఆమె వెనుక ఆ వాడ ఆడవాళ్లు, వాళ్లు వెనకనుంచి నెట్టుకొస్తున్న వాళ్ల మగవాళ్లు. పరగడుపు కల్లు జనమంతా అందులో ఉన్నారు. ఒకాయన గేటు దగ్గరే ఆగి గొణిగాడు. "నాకేంది, నాది తగ్గింది గద."

వదినె వెనక్కి తిరిగి ఆయన రెక్క పట్టుకుని, లోపలికి లాక్కొచ్చి, టెక్నీషియన్ ముందు కుర్చీలో కూలేసింది.

"ఇగో, ఈనె తగ్గిందంటుండు. ముందుగాల ఈనెది తియ్యి. ఎక్కువున్నోళ్లు ఆగుతరు."

ఆ రోజు నుంచి మా దవాఖానలో వరస మారింది. చిట్యాలకు బదిలీ అయినప్పుడు ఆ పద్ధతిని నేను అక్కడికి మోసుకెళ్లాను.

పేర్లు రాయకూడదని ముందే అనుకున్నాను కాబట్టి పిలుపులతోనే కృతజ్ఞత చెప్పుకుంటాను. మొదటి ప్రశ్న అడిగిన డాక్టరమ్మకు. తప్పును గడప దాకా తీసుకెళ్లి చెప్పిన టెక్నీషియన్ తమ్మునికి. ఫోన్ చేసిన ఆశా చెల్లెకు. చక్కెర మూట పట్టుకుని పైకి పోయిన గౌడన్న తమ్మునికి. మూసే వేళ దాటినా దీపం ఆర్పకుండా నాకు అల్మారా తెరిచి ఉంచిన జనగామ గ్రంథపాలకుడికి. చివరగా వదినెకు. అచ్చుకు ఇచ్చేముందు ఇదంతా ఆమెకు చదివి వినిపించాను. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. పరగడుపు కల్లు ముచ్చట తీసెయ్యమంటావా, జనం నవ్వుతారేమో అని అడిగాను.

"ఉండనియ్యి వదినె," అంది. "ఆయన గూడ నవ్వుకుంటనే పోసిండు."